పూలు కాదు, కాడ చూడండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. సెప్టెంబరులో ఇంటి వెనక వాగు గట్టంతా పసుపు పూలే. అందరూ గోల్డెన్‌రాడ్ అంటారు గానీ, నాకు రెండు మూడు రకాలున్నట్టు అనిపిస్తోంది. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: మీ అనుమానం నిజమేనమ్మా. అక్కడ పదేళ్లు ఉన్నాను, మొదటి రెండేళ్లు పూలనే చూస్తూ తికమకపడ్డాను. పూలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే ముందు కాడ పట్టుకోండి. పూగుత్తి కిందివరకూ నున్నగా ఉండి, బూడిద గుమ్మడికాయ మీద పొడిలా తెల్లటి పూత వేలికి అంటితే అది జైంట్ గోల్డెన్‌రాడ్, శాస్త్రీయంగా సొలిడాగో జైగాంటియా (సొలిడాగో అంటే గోల్డెన్‌రాడ్‌ల జాతి పేరు). వాగు గట్టు తడి దానికి ఇష్టం. సన్నటి నూగు తగిలితే కెనడా రకమో, దాని దగ్గరి చుట్టం టాల్ గోల్డెన్‌రాడో. ఆ రెంటినీ విడదీయడం నిపుణులకే కష్టం, టెన్షన్ పడకండి. ఈ మూడింటి ఆకుల్లోనూ పొడుగునా మూడు ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. అలా కాకుండా ఆకు ముడతలు పడి, ఈనెలు వలలా అల్లుకుని ఉంటే అది సొలిడాగో రుగోసా.

గుత్తి పైన చదునుగా, ఆకులు గడ్డిలా సన్నగా ఉంటే అది సొలిడాగోయే కాదు, యుథేమియా. న్యూజెర్సీలోనే ఉన్న పైన్ బారెన్స్ అడవుల ఇసుక నేలలకు వెళ్తే మాత్రం ఆకు నలిపి వాసన చూడండి. సోంపు వాసన వస్తే సొలిడాగో ఒడోరా. నాకు ప్రాణమైన రకం అదే.

తుమ్ములొస్తాయని వీటిని పీకేయకండి. వీటి పుప్పొడి బరువు, గాలికి ఎగరదు. తుమ్ములు తెప్పించేది అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క.