ఉపగ్రహంలోనే రూటర్ ఉంటే కలిగే లాభాన్ని ఎలా కొలవాలి?

ఉపగ్రహంలో రూటర్ (డేటా ప్యాకెట్లను గమ్యం వైపు మళ్లించే పరికరం) పెడితే జాప్యం నిజంగా తగ్గుతుందా, ఆ పనితీరును ఏ కొలతలతో నిర్ధారించాలి అని మీరు అడిగారు. వీశాట్ (చిన్న డిష్ యాంటెన్నాలతో ఉపగ్రహం ద్వారా నడిచే) నెట్‌వర్క్‌ల పరీక్షలలో పనిచేసిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక, సంకేతం ఒక స్టేషన్ నుంచి పైకి వెళ్లి మరో స్టేషన్‌కు దిగడానికి 240 నుంచి 280 మిల్లీసెకన్లు పడుతుంది. దీనిని ఏ రూటరూ తగ్గించలేదు. అయితే హబ్ (కేంద్ర స్టేషన్) మీద ఆధారపడిన వీశాట్ ఏర్పాటులో రెండు మారుమూల స్టేషన్ల మధ్య వెళ్లే ప్యాకెట్ ముందు భూమి మీది హబ్‌కు దిగి, మళ్లీ ఉపగ్రహం దాకా ఎక్కి దిగాలి. 2009 నవంబరులో ప్రయోగించిన ఇంటెల్‌శాట్ 14లో సిస్కో రూటర్‌ను అమర్చిన ఐరిస్ ప్రయోగం ఈ రెండో ప్రయాణాన్ని తప్పించి, సీ బ్యాండ్, కేయూ బ్యాండ్ అనే రేడియో పౌనఃపున్య పరిధులలోని స్టేషన్లను పైననే కలపడానికి ఉద్దేశించినది. కాబట్టి హబ్‌కూ స్టేషన్‌కూ మధ్య పింగ్ చేసి (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి పట్టే సమయం చూసి) తేడా లేదని తీర్మానించకండి; స్టేషన్ నుంచి స్టేషన్‌కు కొలవండి. సాధారణ నెట్‌వర్క్ ప్రణాళికలో ఒకవైపు జాప్యం 400 మిల్లీసెకన్లు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) జి.114 సిఫారసు చెబుతుంది: ఒక హాప్ (ఉపగ్రహం దాకా ఎక్కి దిగే ఒక ప్రయాణం) ఈ హద్దులో ఇముడుతుంది, రెండు హాప్‌లు ఇమడవు. రెండు హాప్‌ల లైను మీద ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోవడం నేను చాలాసార్లు విన్నాను. నా దృష్టిలో ఈ సాంకేతికత అవసరం అక్కడే స్పష్టంగా తెలుస్తుంది.

ఫైళ్ల బదిలీని కొలిచేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. టీసీపీ (డేటా అందినట్టు రసీదులు తీసుకుంటూ పంపే పద్ధతి) విండో, అంటే రసీదు రాకముందే పంపగల డేటా, 65,535 బైట్ల దగ్గర ఆగిపోతే, రానూపోనూ 600 మిల్లీసెకన్లు పట్టే లింకు ఎంత పెద్దదైనా ఒక కనెక్షన్‌కు సెకనుకు సుమారు 870 కిలోబిట్లకు మించి అందదు. దానిని రూటర్ లోపంగా లెక్కగట్టడం అన్యాయం. విండో స్కేలింగ్‌తో (విండోను ఆ హద్దు దాటి పెంచే ఏర్పాటుతో), అనేక కనెక్షన్లతో ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే సాధనాన్ని నడపండి. టీసీపీ యాక్సిలరేటర్ (జాప్యం ఎక్కువున్న లింకు మీద టీసీపీని వేగపరిచే ఏర్పాటు) ఉంటే ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కొలవండి. ఐపీసెక్ అనే భద్రతా పద్ధతితో ఎన్‌క్రిప్ట్ అయి వచ్చిన ట్రాఫిక్‌లో టీసీపీ హెడర్లు కనిపించవు కనుక యాక్సిలరేటర్ ఆ ట్రాఫిక్‌కు సాయపడదు.

లోడ్ లేని లింకు మీద ఏ పరికరమైనా బాగానే కనిపిస్తుంది. పలు స్టేషన్ల ట్రాఫిక్ ఒకే డౌన్‌లింకు (ఉపగ్రహం నుంచి భూమికి దిగే లింకు) మీదికి వచ్చిపడినప్పుడు క్యూ ఉపగ్రహంలోనే పెరుగుతుంది, ప్యాకెట్లు అక్కడే రాలిపోతాయి; ప్రాధాన్యం ఇచ్చిన వాయిస్ క్యూలో జిట్టర్ (జాప్యంలో హెచ్చుతగ్గులు) అదుపులో ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. సగటుతో సరిపెట్టుకోక 99వ పర్సెంటైల్‌ను (నూటికి 99 కొలతలు ఏ విలువ లోపల ఉన్నాయో దానిని) కూడా చూడండి.

కేయూ బ్యాండ్‌లో వాన సంకేతాన్ని బలహీనపరుస్తుంది కనుక వానలోనూ కొలవడం తప్పనిసరి. ఉపగ్రహంలో సంకేతాన్ని డీమాడ్యులేట్ చేసి (దానిలోని డేటాను బయటికి తీసి) మళ్లీ పంపుతారు కనుక అప్‌లింకు (భూమి నుంచి పైకి వెళ్లే లింకు) రణగొణ (నాయిస్) డౌన్‌లింకుకు తోడవదు. అందుచేత రెండు లింకుల దోషాలనూ విడివిడిగా నమోదు చేయండి.