ఆ ఏడు నిమిషాల గురించి

చిట్టీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తూ చెప్పింది నాకు సగమే అర్థమైంది. మిగతాది పొద్దున మీ అమ్మ చెప్పింది. అంబులెన్స్ డ్యూటీలో, బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ దగ్గర బైకు మీంచి పడ్డ పిల్లాడి విరిగిన కాలికి స్ప్లింట్ (ఎముక కదలకుండా ఆపే కట్టు) కట్టడానికి ఏడు నిమిషాలు తీసుకున్నావట. జనం అరిచారట. బండెక్కాక డ్రైవరన్న కూడా "ఇంత నిదానమైతే ఈ పనికి పనికిరావమ్మా" అన్నాడట.

నువ్వు చేసిందే కరెక్ట్. ఆ అబ్బాయి తెలివిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, రక్తం పెద్దగా పోవడం లేదు. కట్టు లేకుండా ఎత్తి ఆ గుంతల రోడ్డు మీద తీసుకెళ్తే, ప్రతి గుంతకీ విరిగిన ఎముక లోపల కండను కోసుకుంటూ పోతుంది. కట్టక ముందూ కట్టిన తర్వాతా పాదం మీద నాడి చూశావా? ఆ సంగతి మాత్రం నువ్వు చెప్పలేదు. చూడకపోయుంటే ఇకమీదట చూడు, టైంతో సహా రాసిపెట్టు.

కర్ణాటకలో 108 బండ్లు 2008 నవంబరులో మొదలయ్యాయి. నేను చేరింది ఆ కొత్తల్లోనే. జీఎన్‌ఎం నర్సింగ్ చదివి, వార్డులో పనిచేసి, హిందూపురం నుంచి వచ్చినదాన్ని. అంబులెన్స్ అంటే స్పీడే అని నేనూ అనుకునేదాన్ని. తర్వాత ప్రైవేటు బండ్లు, టెక్ పార్కుల స్టాండ్‌బైలు (ఏదైనా జరిగితే అని బండితో అక్కడే కాచుకుని ఉండే డ్యూటీలు), ఊళ్ల నుంచి పేషెంట్లను తేవడం, అన్నీ చేశాక తెలిసింది, మన పనిలో తొందరపడాల్సినవి కొన్ని, అస్సలు తొందరపడకూడనివి కొన్ని ఉన్నాయని. ఏది ఏదో బండి దిగిన మొదటి రెండు నిమిషాల్లో తేల్చుకోవాలి. దానికోసమే మనకు జీతం. స్పీడు సంగతి డ్రైవరు చూసుకుంటాడు.

బెళ్ళందూరులో ఏదో ఆఫీసులో ఒకాయన గుండె ఆగి పడిపోయాడనుకో. చుట్టూ ఉన్నవాళ్లు "ముందు బండెక్కించండి" అంటారు. ఎక్కించకు. పడినచోటే, గట్టి నేల మీదే మొదలుపెట్టు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవాలి. 30 నొక్కులకు 2 ఊపిర్లు. ఏఈడీ, అదే గుండెకు షాకిచ్చే మిషను, ఉంటే వెంటనే ప్యాడ్లు అంటించు. రెండు నిమిషాలకోసారి మనిషిని మార్చు, సెక్యూరిటీ అన్నను పిలిచైనా సరే. కదిలే బండిలో నిలబడి నొక్కితే లోతు రాదు, మలుపులో నువ్వే పడతావు.

పొట్ట గట్టిపడి, ఒళ్లు చల్లబడి చెమట పట్టి, నాడి సన్నగా పరిగెడుతుంటే దీనికి పూర్తిగా ఉల్టా చెయ్యాలి, వెంటనే బయల్దేరాలి. లోపల రక్తం పోతోంది, దాన్ని ఆపేది ఆపరేషన్ థియేటరే. సెలైన్ కోసం నరం వెతుక్కుంటూ రోడ్డు మీద కూర్చోవద్దు. అది బండి కదిలాక చూసుకో.

పక్షవాతమైతే ఒకే ఒక ప్రశ్న, కానీ సరిగ్గా అడగాలి. "ఎప్పుడు పడిపోయారు" అని అడిగితే "పొద్దున లేచేసరికి ఇట్లా ఉన్నారు" అంటారు. దాంతో ఏం తేలదు. "బాగా ఉండగా చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు?" అని అడుగు. రాత్రి పదింటికి మాట్లాడి పడుకుంటే, పదే రాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉన్నది నాలుగున్నర గంటలు, దాన్ని లెక్కపెట్టేది ఆ టైం నుంచే. సీటీ స్కాన్ లేని చోటికి తీసుకెళ్తే ఆ గంటలు రిసెప్షన్లోనే కరిగిపోతాయి.

ఒక డిసెంబరు 31 రాత్రి బ్రిగేడ్ రోడ్డు పక్కన స్టాండ్‌బైలో ఉన్నాం. నలభై ఏళ్లాయన ఫుట్‌పాత్ మీద పడి ఏదో గొణుగుతున్నాడు. ఆ రాత్రి అక్కడ పడిపోయిన ప్రతివాడూ తాగినవాడే అని లోకం లెక్క. నేనూ అదే అనుకుని, పక్కకు తిప్పి పడుకోబెట్టి వదిలేయబోయాను. నాతో ఉన్న ట్రైనీ పిల్ల, నీకంటే చిన్నది, "అక్కా, షుగర్ చూద్దామా?" అంది. 38 ఉంది, బాగా పడిపోయింది. నరానికి డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) ఎక్కించాక ఆయన లేచి కూర్చుని "ఏనాయ్తు?" (ఏమైంది?) అని కన్నడలో నన్నే అడిగాడు. మందు ముట్టలేదు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం తినడం మానేశాడు, అంతే. ఇప్పటికీ ఆ పిల్లను తలుచుకుంటే నాకు సిగ్గే. తెలివి తప్పిన ప్రతి మనిషికీ వేలికి సూది గుచ్చి చూడు. వాసన వచ్చినా సరే, తాగినవాడికీ షుగర్ పడిపోతుంది.

ఇక ఆక్సిజన్. ఇది కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే తప్పు నాదే.

అనంతపురం నుంచి ఒక పెద్దాయన్ని ఇక్కడికి తెస్తున్నాం. బయల్దేరేటప్పుడు మా ఆఫీసువాళ్లు "సిలిండర్లు ఫుల్" అన్నారు, నేను నమ్మాను. బాగేపల్లి టోల్ దాటాక మొదటిది అయిపోయింది. రెండోది తెరిస్తే ముల్లు ఎర్రగీత దగ్గర. చిక్కబళ్ళాపురంలో ఒక చిన్న ఆస్పత్రి తలుపు కొట్టి, బతిమాలి, సిలిండర్ తెచ్చుకునేసరికి ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. బతికాడు. ఆయన కొడుకు నాకు దండం పెట్టాడు, నాకు తలెత్తబుద్ధి కాలేదు.

లెక్క చాలా తేలిక. మన బండిలో ఉండే బి టైప్ సిలిండర్లో నీళ్లు పోస్తే 10 లీటర్లు పడతాయి. గేజ్ 150 చూపిస్తే 150ని 10తో గుణించు, 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతే రెండున్నర గంటలు. గేజ్ 50 దగ్గరుంటే యాభై నిమిషాలే. అనంతపురం దారి నాలుగు గంటలు అనుకుంటే రెండు ఫుల్ సిలిండర్లు, హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ కోసం మూడోది. డ్యూటీ ఎక్కగానే తాళం తిప్పి నీ కళ్లతో గేజ్ చూడు. ఎవరు చెప్పినా నమ్మొద్దు, నేను చెప్పినా సరే.

ఇంకో మాట, నీకు ఎవరూ చెప్పరు. కొన్ని ఆస్పత్రులు పేషెంటును తెచ్చినందుకు బండివాళ్లకు కమీషన్ ఇస్తాయి. మొదటిసారి టీ డబ్బులని చేతిలో పెడతారు. తీసుకున్నావంటే, తర్వాత గుండె నొప్పి మనిషిని జయదేవకు తీసుకెళ్లాలో ఇంకెక్కడికో ఆలోచించేది నువ్వు కాదు, ఆ నోటు. నేను ముందు ఇంటివాళ్లను అడుగుతాను, తల దెబ్బ అయితే నిమ్హాన్స్ అనీ, కాలిన గాయాలైతే విక్టోరియా అనీ, ఎందుకో చెప్తాను. వాళ్లు వేరే చోటికి అంటే సరే, ఆ మాట కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాను. డ్రైవరు మూతి ముడుచుకుంటాడు. ముడుచుకోనీ.

అయినా డ్రైవరుతో గొడవ పెట్టుకోకు. ఈ ఊళ్లో ఏ సందు ఎప్పుడు మూసుకుపోతుందో నీకంటే ఆయనకే తెలుసు. ఒకసారి టీ తాగుతూ చెప్పు, "అన్నా, నేను చెయ్యెత్తితే బయల్దేరదాం, అంతదాకా ఆగు" అని. మావాడితో నాకు ఆ ఒప్పందం కుదరడానికి నెల పట్టింది.

కన్నడ నేర్చుకో. "ఎదె నోవు" (ఛాతీ నొప్పి), "ఉసిరు" (ఊపిరి), "తలె సుత్తు" (తల తిరగడం), ఈ మూడు వస్తే సగం పని అయిపోయినట్టే. నొప్పి మాటలు మనవాటికి దగ్గరే, వారంలో వస్తాయి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో కార్డు తీసి చూడు. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అపాయింట్‌మెంట్ లెటర్, ఈఎస్‌ఐ అడగడానికి మొహమాటపడకు. స్టాండ్‌బైకి వెళ్లేటప్పుడు ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడుందో ముందే అడుగు, పన్నెండు గంటలు నీళ్లు తాగకుండా కూర్చుని నేను కిడ్నీలో రాయి తెచ్చుకున్నాను.

ఆదివారం డ్యూటీ లేకపోతే కమ్మనహళ్ళికి రా. స్ప్లింట్ నా కాలికి కట్టి చూపించు, ఏడు నిమిషాలను నాలుగుకు ఎలా తేవాలో చూద్దాం. నా గ్లూకోమీటరు కూడా తీసుకుపో. స్ట్రిప్పుల డేట్ అయిపోయింది, అవి మాత్రం కొత్తవి కొనుక్కోవాలి.

మీ పెద్దమ్మ