అలల దుప్పటి అల్లే ముందు

చిరంజీవి అమ్మడికి, నర్సాపురం నుంచి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

అక్కకి ఏడో నెల వచ్చిందని, పుట్టబోయే బిడ్డకి చారల అలల దుప్పటి నీ చేత్తోనే క్రోషేతో అల్లాలనుకుంటున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో. ఇలాంటివి ఫోన్‌లో చెప్తే లెక్క గుర్తుండదు. అందుకని రాసి పంపుతున్నాను. పక్కన పెట్టుకుని అల్లుకో.

నీకు లేసు బాగా వచ్చు కాబట్టి దుప్పటి ఎంతసేపనుకుంటావేమో. వచ్చినందుకే ఒక జాగ్రత్త. మన ఊళ్లలో ఆడపిల్లలకి సూది పట్టించిన రోజు నుంచి చెప్పేది ఒకటే, బిగించి అల్లమని. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు తెచ్చిన ఈ పని, అరుగుల మీద తరాల తరబడి సాగి, 2024లో నర్సాపురం లేసుగా జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేకతకిచ్చే భౌగోళిక గుర్తింపు దాకా వచ్చిందంటే ఆ బిగువు, ఆ శుభ్రతే కారణం. సన్నదారంతో అల్లే టేబుల్ క్లాత్‌కి అది కావాలి. పసిబిడ్డ దుప్పటికి మాత్రం పనికిరాదు. లావు నూలుని లేసు బిగువుతో అల్లితే అట్టలా తయారవుతుంది. భుజం మీద వేస్తే ఒంగదు, బిడ్డని చుడితే ఒంటికి అంటదు. మెత్తగా జారే దుప్పటి కావాలంటే చెయ్యి వదులు కావాలి.

వదులుగా అల్లాలని మనసులో అనుకున్నంత మాత్రాన చెయ్యి వదులవదు. నాలుగు వరసలయ్యేసరికి పాత అలవాటుకే వెళ్తుంది. అందుకని సూది మార్చు. కొక్కెం ఉన్న 4 మిల్లీమీటర్ల క్రోషే సూదితో మొదలుపెట్టు. అల్లిక గట్టిగా అనిపిస్తే 4.5 తీసుకో. నూలుని చిటికెన వేలికి చుట్టకుండా చూపుడు వేలి మీదుగా మాత్రమే పోనివ్వు. కుట్టు సూది కొక్కెం దగ్గరున్న సన్నటి మెడ మీద కాకుండా, లావుగా ఉన్న కాడ మీద కూర్చునేలా చూసుకో. లేసు చేతికి ఇది మొదట్లో చికాగ్గా ఉంటుంది. ఒక సాయంత్రం ఓపిక పడితే అలవాటవుతుంది.

నూలు సంగతికొస్తే, కాటన్ తప్ప ఇంకోటి కొనకు. షాపులో మెత్తగా, రంగురంగులుగా, చవగ్గా కనిపించేది ఎక్కువగా యాక్రిలిక్. మన ఉక్కపోతకి అది బిడ్డ ఒంటికి చెమట పట్టిస్తుంది. పుష్యమాసం మంచులో కూడా మన గోదావరి జిల్లాల్లో కాటన్ దుప్పటి సరిపోతుంది. లేబుల్ చూడు. 50 గ్రాముల ఉండలో 85 నుంచి 120 మీటర్ల దాకా ఉండే నూలైతే 4 మి.మీ. సూదికి కుదురుతుంది. మెడ కింద, చెంపకి రాసి చూసుకో. అక్కడ గరుకు తగిలితే ఎంత మంచి రంగైనా వదిలెయ్. ఒకే రంగు ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి తీసుకో. లాట్ మారితే షేడ్ మారుతుంది, ఇంట్లో లైటు కింద తెలియకపోయినా ఎండలో తెలిసిపోతుంది.

రంగులు నాలుగు మించకు. నన్నడిగితే మీగడ తెలుపు, నారుమడి ఆకుపచ్చ, లేత పసుపు, కొంచెం కనకాంబరం రంగు. మగపిల్లాడా ఆడపిల్లా అన్న ఆలోచనే అక్కర్లేదు. ప్రతి రెండు రంగుల మధ్యా మీగడ తెలుపు చార వేస్తే మిగతావి ఒకదాన్నొకటి మింగవు. ముదురు ఎరుపు, నేవీ బ్లూ తీసుకుంటే మాత్రం ముందే చిన్న పోగు తడిపి తెల్లగుడ్డలో పెట్టి గట్టిగా నలిపి చూడు. గుడ్డకి రంగంటితే ఆ నూలు ఈ దుప్పటికి వద్దు. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటుంది కదా.

ఇప్పుడు అసలు పని. అల అంటే మెరక, పల్లం, అంతే. మెరక దగ్గర కుట్లు పెంచుతాం, పల్లం దగ్గర అన్నే తగ్గిస్తాం. పెంచినన్ని తగ్గిస్తే వరసలో మొత్తం కుట్లు ఎప్పుడూ మారవు. నేను చెప్పే లెక్కలో ఒక అలకి 12 కుట్లు.

ముందు రెండు అలల నమూనా అల్లు. 24కి 3 కలిపి 27 చైన్లు, అంటే ఒకదాంట్లోంచి ఒకటి లాగే గొలుసు కుట్లు వెయ్యి. దుప్పటికైనా అంతే, ఎన్ని అలలైతే అన్ని పన్నెండ్లు, దానికి 3. 12 అలలకి 147 చైన్లవుతాయి. చైన్ మాత్రం ఇంకో సైజు పెద్ద సూదితో వెయ్యి. ఇక్కడ బిగిస్తే దుప్పటి అడుగు ముడుచుకుపోయి, పైన ఎంత బాగా అల్లినా పరిస్తే కుదురుగా కూర్చోదు. తర్వాత సరిచేయడానికి కూడా ఉండదు.

కుట్టు నీకు తెలిసిన ట్రెబులే, సూదికి ఒకసారి నూలు చుట్టుకుని అల్లే పొడుగు కుట్టు. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు దీన్నే డబుల్ క్రోషే అంటారు, చూసి కంగారు పడకు.

మొదటి వరసలో మూడు చైన్లు వదిలేసి నాలుగో దాంట్లో ఒక ట్రెబుల్. వదిలేసిన మూడు చైన్లూ ఒక కుట్టు కింద లెక్క కాబట్టి అంచున జత అయింది. తర్వాత మూడు కుట్లు మామూలుగా ఒక్కో చైన్‌లో ఒక్కోటి. ఆపైన పల్లం, అంటే రెండేసి కుట్లు కలిపి ఒకటిగా చెయ్యడం, వరసగా రెండుసార్లు. మళ్లీ మూడు మామూలు. తర్వాత మెరక, ఒక చైన్‌లో రెండు, పక్క చైన్‌లో రెండు. మళ్లీ మూడు, పల్లం, మూడు, ఇలా పోతూ చివరి చైన్‌లో రెండు కుట్లతో వరస ముగించు. తిప్పి మూడు చైన్లు వేసి, వాటి మొదట్లో ఉన్న కుట్టులోనే ఇంకో ట్రెబుల్ వేస్తే అంచు జత మళ్లీ వచ్చేసింది. ఇక అన్ని వరసలూ ఇంతే.

కలపడం కొంచెం చూసి చెయ్యి. నూలు చుట్టి కుట్టులోంచి లాగు, సూది మీదున్న రెండు ముడుల్లోంచి, అంటే లూపుల్లోంచి ఒకసారి తియ్యి, అక్కడ ఆపు. సూది మీద రెండు ఉంటాయి. మళ్లీ చుట్టి పక్క కుట్టులోంచి లాగి అలాగే రెండింట్లోంచి తీసి ఆపితే సూది మీద మూడు ఉంటాయి. ఇప్పుడు ఒకే లాగులో మూడింట్లోంచీ తియ్యి. కొందరు ఇంత శ్రమెందుకని పల్లంలో రెండు కుట్లు వదిలేసి దాటిపోతారు. దానివల్ల అక్కడ బెజ్జం పడుతుంది. షోకి బాగుంటుంది కానీ పసిబిడ్డ వేళ్లు అందులో ఇరుక్కుంటాయి. మనకి వద్దు. లేసులో బెజ్జాలే అందం, ఇందులో బెజ్జం లేకపోవడమే పనితనం.

వరస సరిగ్గా పోతోందా అని లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు, కళ్లతో పట్టుకోవచ్చు. కింద వరస మెరక మీద నాలుగు కుట్లు గుత్తిగా ఉంటాయి. పై వరసలో పెంచే రెండూ ఆ నాలుగింట్లో మధ్య రెండింటి మీదే పడాలి. పల్లంలో అయితే మొదటి కలపడం ఒక మామూలు కుట్టునీ, కింద కలిపిన మొదటి దాని తలనీ పట్టుకోవాలి. రెండో కలపడం కింద కలిపిన రెండో దాని తలనీ, పక్కనున్న మామూలు కుట్టునీ పట్టుకోవాలి. ప్రతి మెరక దగ్గరా, ప్రతి పల్లం దగ్గరా ఒక్క క్షణం ఆగి ఇది చూసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. చూసుకోకపోతే మూడు వరసలు పైకి వెళ్లాక అల పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు విప్పడమే దారి. సర్దుకుందాంలే అని ఒక కుట్టు అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ వెయ్యకు, నూరు చారల్లో ఉన్నా కన్ను అక్కడికే పోతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది వరస చివర. తిప్పినప్పుడు వేసిన మూడు చైన్ల తల కూడా ఒక కుట్టే. చివరి జత దాని మీదే పడాలి. దాన్ని మరిచిపోతే వరసకో కుట్టు తగ్గి దుప్పటి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ చైన్ తలకి చిన్న సేఫ్టీ పిన్ను పెట్టుకుంటూ వెళ్లు, పది వరసలయ్యాక అవసరం ఉండదు. పిన్నుల్ని మాత్రం లెక్కపెట్టి తియ్యి.

చారకి రెండు వరసలు పెట్టుకో. రెండు వరసలైతే నూలు బయలుదేరిన అంచుకే తిరిగొస్తుంది, కాబట్టి మీగడ తెలుపుని ప్రతిసారీ తెంచకుండా అంచు వెంబడి పైకి తీసుకుపోవచ్చు. ఒక్క వరస చారలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ రెండు పక్కలా కొసలు వేలాడతాయి, వాటిని కుట్టుకునేసరికి అల్లినంత పనవుతుంది. రంగు మార్చేటప్పుడు పాత రంగుతో చివరి కుట్టు పూర్తిగా ముగించకు. సూది మీద ఆఖరి రెండు ముడులు ఉండగా కొత్త రంగు అందుకుని వాటిలోంచి లాగు. అప్పుడు కొత్త వరస మొదటి చైన్ నుంచే కొత్త రంగులో వస్తుంది, చార అంచు కలగాపులగం అవదు. అంచు వెంబడి పైకి పోయే నూలుని లాగిపెట్టకు, ఆ పక్క ముడుచుకుంటుంది.

కొసలు ఆరంగుళాలు వదిలి తెంచు. లావు బెజ్జం ఉన్న మొండి సూదితో అదే రంగు చారలో ఒకవైపు, వెనక్కి ఒకవైపు, మళ్లీ ముందుకి, మూడు దారులు పోనియ్యి. కాటన్ జారుతుంది, ఒక్క దారి పోనిచ్చి కత్తిరిస్తే రెండు ఉతుకులకే బయటికొస్తుంది. బయటికొచ్చిన పోగు పసిబిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, ఏడుపెందుకో పెద్దవాళ్లకి అర్థం కాదు. ఈ ఒక్క పనిలో బద్ధకించొద్దు. కుచ్చులు, పూసలు, గుండీలు కూడా పెట్టొద్దు. నువ్వు చక్కగా పెట్టగలవని తెలుసు, అవి నోట్లోకి పోతాయి.

సైజు 30 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల పొడుగు చాలు. నమూనాలో ఎనిమిది వరసలయ్యాక మంచం మీద పరిచి కొలువు. రెండు అలలు ఎన్ని అంగుళాలొచ్చాయో చూస్తే ఎన్ని అలలు వెయ్యాలో తెలిసిపోతుంది. నూలు ఎంత కావాలో ఆ తర్వాత తేలుతుంది. అసలు దుప్పటి మొదలుపెట్టి ఒక చార వెయ్యగానే, ముందూ తర్వాతా ఉండని తూకం వెయ్యి. చారకి 15 గ్రాములు పడితే 40 చారలకి 600. దానికి అంచు పనికని ఇంకో ఉండ కలుపుకుని కొను.

అంచు విషయంలో కొందరు పల్లాలు పూడ్చి కింద, పైన చదును చేస్తారు. నాకది నచ్చదు. అలల దుప్పటికి అలలే అంచు. చుట్టూ ఒక వరస పొట్టి కుట్టు, అంటే సూదికి ముందుగా నూలు చుట్టకుండా అల్లేది చాలు, మెరక మీద ఒకదాంట్లోనే మూడు వేసి, పల్లంలో మూడు కలిపి ఒకటి చెయ్యి. పక్క అంచున పైకి తెచ్చిన తెల్ల నూలు కూడా దాని కింద కప్పబడిపోతుంది.

ఇప్పుడు వానలు. చేతికి చెమట, దాంతో నూలు సూది మీద పట్టుకుంటుంది. అల్లే ముందు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా తుడుచుకో. వంటింట్లోంచి పసుపు చేత్తో వచ్చి మీగడ తెలుపు ముట్టుకోవద్దు. చెయ్యి ఆపినప్పుడు ముసురులో ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే బూజు వాసన వస్తుంది, పాత కాటన్ దిండు గలీబులో వెయ్యి.

అయిపోయాక గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బుతో ఉతుకు, బాగా జాడించు. పిండి మెలి తిప్పకు, తువ్వాల్లో చుట్టి నొక్కు. తీగ మీద మాత్రం ఆరెయ్యకు. తడిసిన కాటన్ బరువుకి సాగి అలలన్నీ పొడుగైపోతాయి. డాబా మీద చాప వేసి, దాని మీద పంచె పరిచి, అలలు చేత్తో సర్ది, నీడపట్టున ఆరనివ్వు. పురిటి బిడ్డకి కొత్తబట్ట తగిలించకుండా పాత మెత్తటి చీరలే వాడే ఇల్లు మనది. కాబట్టి రెండు మూడుసార్లు ఉతికి మెత్తబరిచి, బారసాల నాటికి ఇద్దువుగాని.

అక్కకి ఒక మాట నీ నోటితోనే చెప్పు. ఈ దుప్పటి ఒళ్లో పడుకోబెట్టుకున్నప్పుడు, చాప మీద బోర్లా ఆడించేటప్పుడు, సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే రేవు దాటించే పడవ మీద గాలికి చుట్టుకోవడానికి. ఏడాది నిండేదాకా బిడ్డ నిద్రపోతుంటే మీద వదిలేసి వెళ్లకూడదు, మొహం మీదకి జరిగితే ఊపిరాడదు. ఉయ్యాల్లో వేసినా అంతే. చెప్తే ఏమనుకుంటుందోనని మొహమాట పడకు, పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే.

తొందరపడి 147 చైన్లు వేసెయ్యకు. ముందు ఆ 27 చైన్ల నమూనా అల్లి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. పల్లాలు ఎలా వచ్చాయో చూసి, ఎన్ని అలలు వెయ్యాలో, సూది మార్చాలో లేదో చెప్తాను.

ఇట్లు,
మీ అత్త