డాక్టర్ సలహా: మూడున్నర నెలల పాపతో అమెరికా ప్రయాణం.. చెవుల్లో దూది వద్దు, దిగేటప్పుడు పాలు పట్టండి

ప్రశ్న: మాది నిజామాబాద్. కాన్పు కోసం పుట్టింటికి వచ్చాను. నెలలు నిండాకే సిజేరియన్ చేసి పాపను తీశారు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఇప్పుడు రెండున్నర నెలలు, 4.8 కిలోలు ఉంది. మా వారు డాలస్‌లో ఉద్యోగం చేస్తారు. వచ్చే నెల, పాపకు మూడున్నర నెలలు వచ్చేసరికి, శంషాబాద్ నుంచి దోహా మీదుగా అక్కడికి వెళ్లాలి. తోడుగా మా అమ్మ వస్తోంది. నా పాలతో పాటు రోజుకు ఒకటి రెండుసార్లు డబ్బా పాలు కూడా పడుతున్నాను. ఇంత చిన్న పాపకు విమానం పడుతుందా? చెవుల్లో నూనె చుక్కలు వేసి దూది పెట్టమని ఇంట్లో అంటున్నారు. దారిలో ఏడవకుండా నిద్రపట్టే సిరప్ వేయమని తెలిసినవాళ్లు చెప్పారు. ఆన్‌లైన్‌లో చూస్తే చెవులకు మఫ్‌లు, మెడకు చిన్న దిండు, బాటిల్ స్టెరిలైజర్, గాలి నింపే పరుపు.. ఏది కొనాలో, ఏది వద్దో తెలియడం లేదు. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ పాపకు విమానం పడుతుంది. నెలలు నిండి పుట్టింది, పాలు తాగుతోంది, బరువు చక్కగా పెరుగుతోంది. ఇలాంటి పిల్లలు విమాన ప్రయాణాన్ని బాగానే తట్టుకుంటారు. పుట్టిన వారం లోపు మాత్రం ప్రయాణం వద్దంటాం. వీలుంటే రెండు మూడు నెలలు నిండేదాకా ఆగమంటాం. గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో ఏదైనా లోపం ఉంటే చాలావరకు ఈలోగానే బయటపడుతుంది, మొదటి టీకాలు కూడా పడతాయి. మీరు ఎంచుకున్న సమయం మంచిదే.

విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగిరినా లోపలి గాలి పీడనం 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంటుంది. అంటే పాపను ఊటీకి తీసుకెళ్లినట్టే అనుకోండి. రక్తంలో ఆక్సిజన్ కొద్దిగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాపకు దానివల్ల ఇబ్బంది ఉండదు. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న పిల్లలు, గుండెజబ్బు ఉన్న పిల్లలు, ఈమధ్యే న్యుమోనియా వచ్చి తగ్గిన పిల్లల విషయం వేరు. వాళ్లను చూస్తున్న డాక్టర్ సరేననకుండా టికెట్ కొనకూడదు. మీ పాపకు కూడా బయల్దేరే వారంలో ఆయాసం, గట్టి జలుబు, చెవిపోటు లాంటివి వస్తే తేదీ మార్చుకోండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి. పసిపిల్లలతో వెళ్లేవాళ్లకు అంతకంటే పనికొచ్చే ఖర్చు లేదు.

ముందు ఆ నిద్ర సిరప్ సంగతి తేల్చుకుందాం. వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. అలా వాడే ప్రోమెథజైన్ లాంటి మందుల వల్ల రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరి మందగించి ప్రాణం మీదకు వస్తుంది. ఆ వయసువాళ్లకు వాడకూడదని మందు వివరాల్లోనే హెచ్చరిక ఉంటుంది. పైగా ఆక్సిజన్ ఎంతో కొంత తక్కువగా ఉన్నచోట, డాక్టర్ అందుబాటులో లేని చోట, మత్తులో పడుకున్న పాప ఊపిరి సరిగా తీస్తోందో లేదో చీకట్లో మీరు ఎలా కనిపెడతారు? జలుబు సిరప్‌లు, దగ్గు సిరప్‌లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. తేనె, గ్రైప్ వాటర్, పంచదార నీళ్లు కూడా వద్దు. పాప ఏడిస్తే ఏడవనివ్వండి. పక్క సీటువాళ్లు విసుక్కుంటారేమోనన్న భయంతో పాపకు మందు వేయకండి.

ఇక చెవులు. ముక్కు వెనక భాగం నుంచి చెవి లోపలికి సన్నని గొట్టం ఉంటుంది. బయట గాలి పీడనం మారినప్పుడు ఆ గొట్టం తెరుచుకుంటే రెండువైపులా సమానమవుతుంది. పెద్దవాళ్లం ఆవలించో, గుటక వేసో దాన్ని తెరుస్తాం. పాపకు ఆ సంగతి తెలియదు కాబట్టి మనమే గుటకలు వేయించాలి. నొప్పి ఎక్కువగా వచ్చేది విమానం పైకి లేచేటప్పుడు కాదు, కిందికి దిగేటప్పుడు. దూరప్రయాణాల్లో నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. ఇంజిన్ హోరు తగ్గుతుంది, మీ చెవులే దిబ్బెడ వేసినట్టవుతాయి. పాపను రొమ్ముకు పట్టించాల్సింది అప్పుడే. చక్రాలు దించుతున్న చప్పుడు వినిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. అందుకని ఆ ముందు గంటన్నరలో కడుపు నిండా పట్టకండి, కాస్త ఆకలి ఉండనివ్వండి. తల కొంచెం ఎత్తుగా పెట్టి, రొమ్ము గానీ బాటిల్ గానీ ఇచ్చి, నెమ్మదిగా తాగనివ్వండి. ఆపేస్తే భుజాన వేసుకుని తేన్పు రప్పించి మళ్లీ పట్టండి. కడుపు నిండిపోయి తాగనంటే పాలపీక (పాసిఫయర్) అయినా, శుభ్రంగా కడిగిన మీ వేలయినా చీకనివ్వచ్చు. నిద్రపోతుంటే? జలుబు లేకపోతే లేపనక్కర్లేదు. ముక్కు దిబ్బడ ఉంటే మాత్రం లేపి పట్టండి. దిగే ముందు రెండు ముక్కు రంధ్రాల్లోనూ సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు ఒక్కొక్కటి వేస్తే పాలు తాగడం సులువవుతుంది.

చెవుల్లో దూది పెడితే చల్లగాలి ఆగుతుందేమో గానీ, లోపలి పీడనంలో రవ్వంత కూడా తేడా రాదు. నూనె అంతకంటే చెడ్డది. చెవుల్లోనే కాదు, ముక్కులోనూ వేయకండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే పెద్ద తంటా. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కాదనడం కష్టం. ‘డాక్టర్ వద్దన్నారు’ అని నా మీదకు తోసేయండి. ఇంకో మాట, దిష్టి తాడు, పూసల దండ మెడలో ఉంటే ప్రయాణానికి ముందే తీసేయండి. నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది.

సీటు విషయంలో చాలామంది ఆలస్యంగా మేల్కొంటారు. రెండేళ్లలోపు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చు. అన్నిటికన్నా భద్రమైన పద్ధతి మాత్రం పాపకు విడిగా సీటు కొని, విమానంలో వాడొచ్చని లేబుల్ ఉన్న కారు సీటును అందులో బిగించడం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెప్పేది కూడా ఇదే. ఖర్చు ఎక్కువ కాబట్టి మన దగ్గర అలా వెళ్లేవాళ్లు తక్కువే. మీకూ వీలు కాకపోతే బాసినెట్ అడగండి. విమానంలో అడ్డగోడకు తగిలించే చిన్న పడక అది. చాలా ఎయిర్‌లైన్స్‌లో 10, 11 కిలోల దాకా అనుమతిస్తారు, మీ పాపకు హాయిగా సరిపోతుంది. ఒక్కో విమానంలో ఇవి కొన్నే ఉంటాయి. టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి, దోహా దాకా ఒకటి, అక్కడి నుంచి డాలస్‌కు ఒకటి అడిగి, రెండూ కన్ఫర్మ్ అయినట్టు మెయిల్ తెప్పించుకోండి. మీ రెండో విమానం 16 గంటలకు అటూఇటూగా ఉంటుంది. మీకు ఆ పడక నిజంగా అక్కరకొచ్చేది అందులోనే.

అడ్డగోడ సీటులో ఒక ఇబ్బంది ఉంది. ముందు సీటు ఉండదు కాబట్టి కాళ్ల దగ్గర బ్యాగు పెట్టుకోనివ్వరు, పైకి ఎక్కించేస్తారు. విమానం ఎక్కి సీటు బెల్టు లైటు ఆరేసరికి ఎంత సేపవుతుందో చెప్పలేం. అందుకే రెండు డైపర్లు, వైప్స్, ఒక జత బట్టలు, ఒక పాల బాటిల్ చిన్న సంచిలో వేసి ఒళ్లోనో, మీ అమ్మగారి సీటు జేబులోనో ఉంచుకోండి.

విమానం కుదుపులకు లోనైతే చాలా ఎయిర్‌లైన్స్‌లో పాపను బాసినెట్‌లోంచి తీసి ఒళ్లో పెట్టుకుని, వాళ్లిచ్చే చిన్న బెల్టును మీ బెల్టుకు కలిపి కట్టమంటారు. మీ ఇద్దరినీ కలిపి ఒకే బెల్టులో బిగించకండి. కుదుపు వస్తే మీ బరువంతా పాప పొట్ట మీద పడుతుంది. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలానే. మెత్తటి దిండ్లు, మందపాటి దుప్పట్లు ముఖం దగ్గర వద్దు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించే విషయం మరొకటి ఉంది. అలసిపోయిన తల్లి పాపను రొమ్ముకు ఆనించుకుని అలాగే నిద్రలోకి జారుకోవడం. పాప ముక్కు మూసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. కళ్లు మూతలు పడుతున్నాయంటే వెంటనే పాపను మీ అమ్మగారికి ఇచ్చేయండి. ఇద్దరూ ఒకేసారి నిద్రపోకుండా వంతులు వేసుకోండి. గుండెకు కట్టుకునే క్యారియర్ ఎయిర్‌పోర్టులో చాలా ఉపయోగం. అందులో పాప గడ్డం ఛాతీకి ఆనకూడదు, ముఖం మీకు ఎప్పుడూ కనపడుతుండాలి. విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు చాలా ఎయిర్‌లైన్స్ పాపను క్యారియర్‌లో ఉంచనివ్వవు.

మీరు రాసిన సామాన్లలో చాలావరకు కొనక్కర్లేదు. మెడ దిండు ఈ వయసు పిల్లలకు అసలు పెట్టకూడదు, తల ముందుకు వాలి గొంతు నొక్కుకుపోతుంది. గాలి పరుపును చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు. చెవుల మఫ్‌లు చప్పుడును తగ్గిస్తాయి తప్ప పీడనం నొప్పిని ఆపవు, పాప పెట్టుకోనిస్తే అభ్యంతరం లేదు. స్టెరిలైజర్ బదులు ఇంట్లోనే మరిగించి ఆరబెట్టిన బాటిళ్లు నాలుగైదు మూతలు బిగించి తీసుకెళ్లండి. విమానం టాయిలెట్‌లో బాటిల్ కడిగే పని పెట్టుకోవద్దు. డైపర్లు గంటకు ఒకటి చొప్పున లెక్కేసి ఇంకో అయిదారు ఎక్కువ వేసుకోండి, దోహాలో విమానం ఆలస్యమైతే అవే ఆదుకుంటాయి. పాపకు మూడు నాలుగు జతలు, మీకు ఒక చుడీదారో కుర్తీనో అదనంగా పెట్టుకోండి. పాపకు పెట్టుకుని తమకు పెట్టుకోవడం మరిచిపోయే తల్లులే ఎక్కువ. తడిసిన బట్టలకు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు చాలు. బట్టలు పొరలు పొరలుగా పలుచనివి వేయండి. చలి అని కట్టగట్టినట్టు చుట్టేయకండి, మెడ వెనక చేయి పెట్టి చూస్తే వెచ్చగా ఉండాలి, చెమట పట్టకూడదు.

పాల విషయానికి వస్తే, పసిపిల్లల పాలకు 100 మిల్లీలీటర్ల నిబంధన వర్తించదు. ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లనిస్తారు. సెక్యూరిటీ దగ్గర బ్యాగులోంచి తీసి విడిగా చూపించండి. పిండిన మీ పాలు మామూలు గదిలో 4 గంటలు, ఐస్ ప్యాక్‌లున్న కూలర్ బ్యాగులో 24 గంటలు నిలవ ఉంటాయి. పాలపొడిని ఒక్కోసారికి కావాల్సినంత కొలిచి పొడి డబ్బాల్లో పోసుకోండి. విమానం ట్యాంకు నీళ్లు వాడకండి. సీల్ ఉన్న సీసా నీళ్లు ఇప్పించి వేడి చేయించుకుని కలపండి. పాప తాగి వదిలేసిన పాలను గంట దాటితే పారబోయండి. విమానంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మాటిమాటికీ రొమ్ము ఇవ్వండి, విడిగా నీళ్లు పట్టక్కర్లేదు. ఆరు గంటలు దాటినా డైపర్ తడవకపోతే పాలు చాలడం లేదని అర్థం. పాప పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, లేపినా పాలు తాగకుండా వాలిపోతున్నా క్షణం ఆలోచించకుండా సిబ్బందిని పిలవండి. విమానంలో ఆక్సిజన్ ఉంటుంది.

మీ గురించి కూడా ఒక మాట. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలు కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. మీరు ఆ గండం దాటే ప్రయాణం చేస్తున్నారు. అయినా ఇది 20 గంటలకు పైబడి కూర్చునే వ్యవహారం. పాప మీ అమ్మగారి దగ్గర ఉన్నప్పుడల్లా లేచి నడవండి, నీళ్లు బాగా తాగండి. గతంలో గడ్డలు వచ్చి ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా మీ గైనకాలజిస్టును ముందే కలవండి. ఒక కాలు వాచినా, పిక్క నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా డాలస్‌లో వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇవే మాటలు మీ అమ్మగారికీ చెప్పండి.

డాలస్ ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కారులో పాపను ఒళ్లో పెట్టుకుని వెళ్లడం కుదరదు. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు, భద్రమూ కాదు. వెనక్కి చూసేలా బిగించే కారు సీటును మీ వారు ముందే కొని, బిగించి, పట్టీలు సరిచూసుకుని తీసుకురావాలి. ఎవరో వాడి ఇచ్చిన సీటు అయితే అది ఎప్పుడూ ప్రమాదంలో దెబ్బతినలేదని కచ్చితంగా తెలిస్తేనే వాడండి.

జ్వరం మందు ఇక్కడి నుంచి పట్టుకెళ్తారు కదా, అందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. మన దగ్గర పారాసిటమాల్ చుక్కల మందు ఒక్క మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అమెరికాలో పసిపిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. అక్కడి డాక్టర్ ‘రెండున్నర మిల్లీలీటర్లు వేయండి’ అన్నారని మీరు మన చుక్కల సీసాలోంచి అంతే తీస్తే 80 మిల్లీగ్రాముల బదులు 250 మిల్లీగ్రాములు పోతుంది. అందుకే సీసా మీద రాసింది చూసి, మీ డాక్టర్ చేత పాప బరువుకు ఎన్ని మిల్లీగ్రాములో, ఈ సీసాలోంచి ఎంత తీయాలో రాయించుకుని ఆ చీటీని సీసాకే అంటించండి. ఐబుప్రోఫెన్ అనే మరో జ్వరం మందును ఆరు నెలల దాకా ముట్టుకోవద్దు. మూడు నెలల లోపు పిల్లలకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ, అంతకు మించి గానీ ఉంటే ఎమర్జెన్సీయే. మీ పాప ఆ వయసు దాటినా, దిగాక జ్వరం వస్తే ఇంట్లో చూసుకుందాంలే అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

చివరగా టీకాలు. 14 వారాల టీకా ప్రయాణానికి కనీసం మూడు నాలుగు రోజుల ముందు వేయించండి, జ్వరం వచ్చినా ఇంట్లోనే తగ్గిపోతుంది. టీకా కార్డును ఫోన్‌లో ఫొటో తీసుకుని, అసలుది చేతి బ్యాగులోనే ఉంచండి. చేత్తో రాసిన తేదీలు అర్థం కాకపోతే ఆసుపత్రిలో ఇంగ్లిష్‌లో టైపు చేయించుకోండి. ఎడమ భుజం మీద బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా) కురుపు ఉంటే అక్కడి డాక్టర్లు కంగారుపడొచ్చు. అమెరికాలో ఆ టీకా మామూలుగా వేయరు, అందుకే అదేమిటో మీరే చెప్పండి. మనం వేసే పోలియో చుక్కలను వాళ్లు లెక్కలోకి తీసుకోరు కాబట్టి మళ్లీ ఇంజెక్షన్లు వేస్తామంటే వేయించుకోండి, నష్టం లేదు. నాలుగు నెలలకు అక్కడ ఎలాగూ చెకప్, టీకాలు ఉంటాయి. ఆ అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకుని, పాప పేరు ఇన్సూరెన్స్‌లో చేర్పించమని ఈరోజే మీ వారికి ఫోన్ చేసి చెప్పండి.