సంతకం పెడితే పదహారేళ్లకే స్కూటీ లైసెన్స్ వస్తుందా?

సందేహం: మాది నార్కట్‌పల్లి దగ్గర పల్లెటూరు. పదహారేళ్లు నిండిన మా అబ్బాయి ఇంటర్ చదువుకు రోజూ నల్లగొండ పోయి వస్తాడు. బస్సు తప్పిన రోజు నేనే స్కూటీ తాళం ఇస్తున్నాను. తల్లిదండ్రులు సంతకం పెడితే లైసెన్స్ ఇస్తారట, నిజమేనా? పట్టుబడితే నాకు ఇబ్బందా? బండి ఎట్లా నేర్పాలి?

జవాబు: మీరు విన్నది సగమే నిజం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం పదహారు నిండినవారికి తల్లిదండ్రుల సంతకంతో లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికే. మీ ఆర్సీ తీసి చూడండి, ఇప్పటి స్కూటీలు 110, 125 సీసీవి. వాటికి పద్దెనిమిది నిండాల్సిందే.

పట్టుబడితే మొదట ఇరుక్కునేది మీరే. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ కింద తండ్రికి గానీ బండి ఓనర్‌కు గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. నాకు తెలియకుండా తీసుకుపోయాడని రుజువు చేస్తే బయటపడొచ్చు. తాళం మీరే ఇస్తున్నారు కాబట్టి మీకు ఆ దారి లేదు.

జైలు మాటకే అందరూ భయపడతారు గానీ, ఇల్లు గుల్లయ్యేది ఇన్సూరెన్స్ దగ్గర. లైసెన్స్ లేనివాడు నడిపిన బండి ఎవరికైనా తగిలితే, చాలా కేసుల్లో కోర్టు ముందు కంపెనీతో పరిహారం కట్టించి, ఆ సొమ్మును ఓనర్ దగ్గర రాబట్టుకోమంటుంది. పాలసీ ఉందన్న ధీమా అప్పుడు పనికిరాదు. ఆర్సీ మీ తమ్ముడి పేరున ఉంటే ఆ భారం ఆయన నెత్తిన పడుతుంది.

ఇక నేర్పడం. ఈ రెండేళ్లు వెనక కూర్చోబెట్టుకొని రోడ్డు చూపించండి. ఆరబోసిన వడ్ల మీద టైరు ఎట్లా జారుతుందో, వెనక లైటు లేని ట్రాక్టర్ రాత్రిపూట ఎంత దగ్గరికి వచ్చాక కనపడుతుందో, హైవే మీద రాంగ్ సైడ్‌లో ఎవరెట్లా ఎదురొస్తారో చెప్పండి. మీ హెల్మెట్ మాత్రం చేతికి కాదు, తలకు ఉండాలి సుమా.

పద్దెనిమిది నిండగానే లెర్నింగ్ లైసెన్స్ తీయించండి. అది ఉన్నంత మాత్రాన ఒంటరిగా పంపకూడదు. తెల్ల బోర్డు మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం, వెంట లైసెన్స్ ఉన్న మనిషి తప్పనిసరి. స్నేహితులను ఎక్కించుకోకూడదు. ముప్పై రోజులు దాటితే టెస్టుకు పోవచ్చు గానీ, తొందరెందుకు? లెర్నింగ్ గడువు ఆరు నెలలుంది. ముందు ఊరి రోడ్డు, తర్వాత నల్లగొండ బజారు, హైవే చివరికి.

అప్పటిదాకా బస్సు తప్పిన పూట మీరే దించి రండి.