ఇంప్లాంట్ పన్ను ఊగితే అంతా పోయినట్టేనా?

ఏడాది కింద పెట్టించుకున్న ఇంప్లాంట్ పన్ను కొంచెం ఊగుతోంది, మొత్తం తీసేయాల్సిందేనా అని అడిగారు. తీసేయక్కర్లేకపోవచ్చు. నాకూ ఇలాగే అయింది.

నాది కింద ఎడమవైపు దవడ పన్ను. క్యాప్ వేయించుకున్న ఎనిమిదో నెలలో, ఓ రాత్రి చపాతీ నములుతుంటే పన్ను కాస్త తిరిగినట్టు నాలుకకు తెలిసింది. పోసిన డబ్బు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. పొద్దున్నే వెళ్తే డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఎముకలో ఉన్నది గట్టిగానే ఉందండీ, పైన స్క్రూ వదులైంది, అంతే" అన్నారు.

నేను ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. రోజూ వదులైన బోల్టులతోనే నా బతుకు. నా నోట్లోనూ ఒకటుందని మాత్రం తట్టలేదు!

ఎముకలో దిగేది టైటానియం మర, ఇంప్లాంట్ అంటే అసలు అదే. దాని మీద అబట్‌మెంట్ అనే దిమ్మ, ఆపైన క్యాప్. మరనీ దిమ్మనీ పట్టి ఉంచేది బియ్యపుగింజంత స్క్రూ. క్యాప్ మధ్యలో పూడ్చిన కన్నం తెరిచి, లోపలి తెల్లటి టేపు లాగారు. నల్లా మరలకు చుట్టే టెఫ్లాన్ టేపే! క్యాప్‌ని సిమెంటుతో అతికించి ఉంటే కన్నం కొత్తగా వేయాల్సి వచ్చేది.

స్క్రూ బిగిస్తే వెంట్రుకవాసి సాగుతుంది. మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టే ముక్కలు రెండూ అదిమిపట్టి ఉంటాయి. అందుకే చేతి అంచనా పనికిరాదు. కొత్త స్క్రూ వేసి, ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ రెంచితో 35 న్యూటన్ సెంటీమీటర్లకు బిగించి, పది నిమిషాలాగి మళ్లీ అంతే బిగించారు. స్క్రూ మరల మీది సన్నటి గరుకు నలిగి కొంత బిగువు తగ్గుతుంది మరి. లారీ టైరు మార్చాక కొంత దూరం నడిపి నట్లు మళ్లీ బిగిస్తారే, అదే లెక్క. నీలం కాగితం కొరికిస్తే క్యాప్ ఓ పక్క ఎత్తుగా ఉందని తేలింది. అక్కడ అరగదీశారు.

ఇలా వదులవడం కొత్తేం కాదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు 1965లో మొదలుపెట్టిన పద్ధతిలోని పాత డిజైన్లలో ఇంప్లాంట్ నెత్తిన 0.7 మిల్లీమీటర్ల ఎత్తు షడ్భుజి ఉండేది. అది పెట్టింది ఇంప్లాంట్‌ను ఎముకలోకి తిప్పి దించడానికి. పళ్లన్నీ కలిపి బిగించినన్నాళ్లూ ఫర్వాలేదు. ఒంటి పన్నుకు వాడేసరికి భారం స్క్రూ మీద పడి వదులవడం ఎక్కువైంది. తర్వాత వచ్చినవాటిలో ఆ అతుకు ఇంప్లాంట్ లోపలికి దిగింది. కొన్నిటిలో గరాటులా సన్నబడే కోన్ ఉంటుంది, కాడ సన్నబడుతూ పోయే టేపర్ షాంక్ డ్రిల్లు స్లీవులో కరుచుకున్నట్టు.

మీరు చేయాల్సింది: ఆ వైపు నమలకండి, నాలుకతో కదపకండి. వదులుగానే వాడుతుంటే స్క్రూ విరిగి లోపలే ఉండిపోవచ్చు, అది తీయడం పెద్ద యాతన. చీము, వాపు ఉంటే మాత్రం సంగతి వేరు, ఇవాళే వెళ్లండి. వేరే ఊళ్లో చూపించుకుంటుంటే మీ ఇంప్లాంట్ కంపెనీ, మోడల్ ఉన్న స్టిక్కరు తీసుకెళ్లండి. ఒక కంపెనీ స్క్రూ మామూలుగా ఇంకోదానికి సరిపోదు, చాలాసార్లు దాన్ని తిప్పే స్క్రూడ్రైవరూ అంతే.