వేరు చేసి ఇచ్చిన చెత్తను ఆటోలో కలిపేస్తున్నారు, జరిమానా మాత్రం నాకు వేశారు

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది పాలమూరు వైపు ఒక పట్టణం. కింద మేముంటూ, పైన రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చాం. మున్సిపాలిటీ వారిచ్చిన ఆకుపచ్చ, నీలం డబ్బాల్లో నేను తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగానే వేస్తున్నాను. పైవాళ్లు మాత్రం అంతా ఒకే సంచిలో కట్టి గేటు దగ్గర పెడతారు. పోయిన నెల శానిటరీ సిబ్బంది ఆ సంచి విప్పి చూసి, ఇంటి ఓనరు మీరే కదా అని నా పేరున 500 రూపాయల జరిమానా వేసి, డబ్బు తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు. చెత్త ఆటో వారానికి రెండుసార్లే వస్తుంది. వచ్చిన రోజు కూడా రెండు డబ్బాలనూ ఒకే కుప్పలో గుమ్మరిస్తారు. మరి నేను వేరు చేయడమెందుకు, నెలనెలా రుసుము కట్టడమెందుకు? ఈ బాధ లేకుండా డాబా మీద ఎరువు చేసుకుందామంటే, వాసన వస్తే ఫిర్యాదు చేస్తామని పక్కింటివారు అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో జరిమానా, ఆటోలో చెత్త కలపడం, నెలసరి రుసుము అనే మూడు వివాదాలు కలిసి ఉన్నాయి. చట్టం వీటిని విడివిడిగా చూస్తుంది కాబట్టి మీరు కూడా విడివిడిగానే అడగాలి. మూడింటినీ ఒకే ఫిర్యాదులో కలిపి "మీరు సరిగ్గా తీసుకుపోవడం లేదు కాబట్టి నేను జరిమానా కట్టను" అని రాస్తే, మీకు న్యాయంగా దక్కవలసింది కూడా దక్కకుండా పోయే ప్రమాదం ఉంది.

చెత్తను ఇంట్లోనే వేరు చేయడం అనేది మున్సిపాలిటీ పనితీరుపై ఆధారపడిన బాధ్యత కాదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2016లో ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చి, చెత్త పుట్టించే ప్రతి ఒక్కరిపైనా ఈ విధిని మోపింది. వాటి స్థానంలో వచ్చిన 2026 నిబంధనలు ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ఇప్పుడు రెండు డబ్బాలు సరిపోవు, చెత్తను నాలుగు రకాలుగా వేరు చేయాలి. కూరగాయల వ్యర్థాలు, మిగిలిన అన్నం, సీతాఫలం తొక్కలు, మాంసం ముక్కలు, పూజ చేసిన పూలు తడి చెత్త కిందికి వస్తాయి. కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం పొడి చెత్త. వాడిన డైపర్లు, శానిటరీ ప్యాడ్లు గట్టిగా చుట్టి వేరే ఉంచాలి. కాలం చెల్లిన మందులు, పాడైన బల్బులు, రంగు డబ్బాలు, పాదరసం ఉన్న థర్మామీటర్లు ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. ఎదుటివారు తమ విధి తప్పారన్న కారణంతో మీరు మీ విధి మానుకోవడానికి ఈ నిబంధనల్లో ఎక్కడా వెసులుబాటు లేదు. మీరు ఇంతవరకు వేరు చేస్తూ వచ్చారు కనుకనే మున్సిపాలిటీని నిలదీసే నైతిక బలం, చట్టబలం రెండూ మీకున్నాయి. దయచేసి ఆ పని ఆపకండి.

ఇక జరిమానా సంగతి. అక్కడికక్కడే జరిమానా వేసే అధికారం స్థానిక సంస్థలకు ఉంది. అయితే ఎంత వేయాలి, ఏ హోదా ఉద్యోగి వేయాలి అనేవి ఆ సంస్థ చేసిన ఉపవిధుల్లో, అంటే బైలాస్‌లో ఉండాలి. సిబ్బంది నోటి మాటగా వేసే జరిమానాకు విలువ లేదు. చట్టం అధికారం ఇవ్వకుండా పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతోంది. రుసుములకూ జరిమానాలకూ కూడా అలాంటి చట్టాధారం తప్పనిసరి అన్నది స్థిరపడిన న్యాయసూత్రం. మీ విషయంలో రసీదు లేకపోవడమే అన్నింటికన్నా పెద్ద లోపం. ఆ డబ్బు మున్సిపాలిటీ ఖాతాలో జమ అయిందో లేదో చెప్పే కాగితమే లేదు. కాబట్టి ఏ తేదీన, ఏ ఉద్యోగి, ఎంత తీసుకున్నారో రాసి, రసీదు గానీ సొమ్ము వాపసు గానీ ఇప్పించమని కమిషనర్ గారికి దరఖాస్తు పెట్టుకోండి. ఆఫీసులో ఇస్తే మీ దగ్గర ఉండే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి.

దానితోపాటు సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో ఇంకో దరఖాస్తు వేసి, జరిమానాకు ఆధారమైన బైలాస్ నకలు, మీ వార్డులో చెత్త ఆటో రావలసిన రోజులు, వేళలు, ఆ ఆటో నడపడానికి కుదుర్చుకున్న ఒప్పందం నకలు అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. నా అనుభవంలో ఇలాంటి వివాదాలు సగం ఈ దరఖాస్తు దగ్గరే తేలిపోతాయి, ఎందుకంటే ఎవరికి ఏ అధికారం ఉందో కాగితం మీద పెట్టవలసి వచ్చినప్పుడు కార్యాలయం కూడా జాగ్రత్త పడుతుంది.

కిరాయిదారుల తప్పుకు మీరు బాధ్యులా అనే ప్రశ్నకు సూటిగా అవుననీ కాదనీ చెప్పలేను. చెత్త పుట్టించేవారు అనే మాటకు 2016 నిబంధనలు ఇచ్చిన నిర్వచనంలో వ్యక్తులూ ఉన్నారు, నివాస గృహాలూ ఉన్నాయి. ఇంటి నంబరు, ఆస్తి పన్ను మీ పేరున ఉన్నాయి కాబట్టి సిబ్బంది మీ పేరు రాశారు. కానీ పై పోర్షన్లు వేరు, వారి సంసారాలు వేరు, ఆ సంచి వారిదని వారే ఒప్పుకుంటే జరిమానా వారి మీదికి మార్చమని అడగడానికి మీకు మంచి ఆధారం ఉంటుంది. ప్రతి పోర్షనుకూ విడిగా డబ్బాలు పెట్టించి, వాటి మీద పోర్షను నంబరు రాయించండి. కిరాయి ఒప్పందం మళ్లీ రాసుకునేటప్పుడు, చెత్త వేరు చేయనందుకు పడే జరిమానా కిరాయిదారే భరించాలని ఒక షరతు చేర్చండి. ఉన్న ఒప్పందం ముగిసేదాకా ఆగనవసరం లేదు, ఇదే విషయం రాసి వారి సంతకం తీసుకున్నా చాలు.

ఆటోలో కలిపేయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు అన్యాయం ఇక్కడే జరుగుతోంది. ఇంటింటికీ వచ్చి వేరు చేసిన చెత్తను వేరుగానే తీసుకుని, తడి చెత్తను ఎరువు తయారీకి, పొడి చెత్తను డీఆర్‌సీసీ (పొడి చెత్తను సేకరించి వేరు చేసే కేంద్రం) వంటి చోటికి చేర్చడం స్థానిక సంస్థ విధి. తడి చెత్త తగిలిన కాగితం, అట్టపెట్టె మళ్లీ వాడకానికి పనికిరావు. ప్లాస్టిక్, గాజు కలిసిన తడి చెత్త పొలంలో వేసే ఎరువు కాదు. అంటే మీ వంటింట్లో మీరు రోజూ పడిన శ్రమ ఆ ఒక్క క్షణంలో వృథా అవుతోంది. అయితే దీనికి ఆటో మీది కార్మికుణ్ణి నిందించకండి. ఆ ట్రాలీలో మధ్య అడ్డుగోడ ఉందా, తడి చెత్త దించడానికి యార్డులో వేరే చోటు ఉందా అన్నది చూడండి. అవి లేనప్పుడు ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. ఫిర్యాదు కమిషనర్ గారి మీద, వ్యవస్థ మీద ఉండాలి. ఆటో వచ్చిన రోజులు, రాని రోజులు క్యాలెండరు మీద గుర్తు పెట్టండి, కలిపేస్తున్నప్పుడు తేదీ కనబడేలా నాలుగైదు ఫొటోలు తీయండి. మీ గల్లీలో ఇంకో పది ఇళ్లవారు సంతకం చేస్తే దానికి వచ్చే విలువ వేరు.

సిబ్బంది లేరు, నిధులు లేవు అని సమాధానం రావచ్చు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లో జస్టిస్ కృష్ణ అయ్యర్ ఇచ్చిన తీర్పు ఈ సాకును అప్పుడే కొట్టివేసింది. పారిశుద్ధ్యం చూడవలసిన సంస్థ డబ్బు లేదంటూ తన చట్టబద్ధమైన విధి నుంచి తప్పించుకోజాలదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నడిచిన పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) సెక్షన్ 133 స్థానంలో ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 ఉంది. మీ వీధి చివరి ఖాళీ ప్లాటు చెత్తకుప్పగా మారి పదిమందికి ఇబ్బంది అవుతుంటే, దాని కింద ఆర్డీఓ గారికి దరఖాస్తు చేయవచ్చు. ఆటో రావడం లేదని ఆ కుప్పకు నిప్పు మాత్రం ఎవరూ పెట్టకూడదు. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది.

రుసుము ఆపవద్దని నా సలహా. సేవలో లోపం ఉందని సొంతంగా తగ్గించి కట్టే హక్కు చట్టం ఇవ్వలేదు, బకాయి పేరుకుంటే తర్వాత వసూలు మీ మీదికే వస్తుంది. "సేవా లోపంపై ఫలానా తేదీన ఇచ్చిన ఫిర్యాదు పెండింగులో ఉండగా, నా అభ్యంతరానికి లోబడి చెల్లిస్తున్నాను" అని ఉత్తరం జతచేసి కట్టండి. ఇంట్లో ఎరువు చేసుకునేవారికి మీ మున్సిపాలిటీ తగ్గింపు ఏమైనా ఇస్తుందా అన్నది ఆ బైలాస్ నకలులో చూడండి.

కమిషనర్ గారి నుంచి స్పందన లేకపోతే ముందు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. అప్పటికీ కాకపోతే హైకోర్టు దాకా పరుగెత్తకుండా శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించమంటాను. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం సెక్షన్ 22ఎ ప్రజోపయోగ సేవల జాబితాలో పారిశుద్ధ్యాన్ని స్పష్టంగా చేర్చింది. కోర్టు ఫీజు ఉండదు. ముందు ఇరుపక్షాలకూ రాజీ ప్రయత్నిస్తారు, కుదరకపోతే విచారించి తీర్పు ఇస్తారు, ఆ తీర్పు మున్సిపాలిటీని కట్టుబడేలా చేస్తుంది. అయితే ఇదే వివాదం మీద అప్పటికే ఏ కోర్టులోనూ కేసు వేసి ఉండకూడదు. మీ వంటి మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 12 చెబుతోంది. దరఖాస్తు ఎక్కడ వేయాలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో చెబుతారు.

డాబా మీద ఎరువు చేసుకోవడానికి చట్టపరంగా అడ్డు లేదు. ఇంట్లో ఎరువు తయారీని ప్రోత్సహించమని నిబంధనలే స్థానిక సంస్థలకు చెబుతున్నాయి. కానీ వాసన, ఈగలు, డబ్బాలోంచి కారే నీరు పక్కింటి గోడ మీదికి పోతే, వారు సివిల్ కోర్టులో నిషేధపు ఉత్తర్వు కోరే హక్కు వారికీ ఉంది. మూత ఉన్న డబ్బా వాడండి, వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకులు గానీ కొబ్బరి పొట్టు గానీ పరవండి, కింద నీరు పట్టే పళ్లెం పెట్టండి, వారి ప్రహరీకి వీలైనంత దూరంగా ఉంచండి. మొదలుపెట్టే ముందు వారిని పిలిచి డబ్బా ఒకసారి చూపించండి. ఆ తర్వాత కూడా ఫిర్యాదు వస్తే, మీరు తీసుకున్న ఈ జాగ్రత్తలే మీ జవాబు అవుతాయి.